పూలజడలు అమ్ముకోవడానికి ఏ యాప్ పట్టుకోవాలి? నా అనుభవం

2024 ఏప్రిల్ నెలాఖరుకి మా ఇంట్లో సూదీ దారం పక్కన పెట్టేశాం. చేతకాక కాదు, ముహూర్తాలు లేక. శుక్ర మూఢం పట్టింది, దానికి తోడు గురు మూఢం, అవి విడిచేసరికి ఆషాఢం, మళ్ళీ శ్రావణం వస్తే గానీ పెళ్ళి మాటే లేదు. మామూలు ఏడాదిలో మే, జూన్ అంటే మాకు నిద్ర ఉండదు, మల్లెపూలు విరగబూసే రోజులు, ఆ రెండు నెలల్లో సంపాదించిన దానితోనే వానాకాలం గడుపుతాం. ఆ ఏడు మాత్రం కడియపులంక పూలమార్కెట్టు వైపు వెళ్ళే పనే పడలేదు.

మాది రాజమండ్రి. పూలజడలు, అడ్డుతెరలు, పెళ్ళికూతురు చేతికిచ్చే కొబ్బరి బోండాలు, తలంబ్రాల సెట్లు, పసుపు దంచడానికి రంగులు వేసిన రోలూ రోకలీ, కర్పూర దండలు చేస్తాం. చేస్తాం అంటే నేనూ, మా అత్తయ్యా, సీజన్‌లో పక్కవీధి నుంచి వచ్చే ఇద్దరు అమ్మాయిలూ. షాపు లేదు, ఇంటి వరండాయే షాపు. 2018లో మా ఆడపడుచు పెళ్ళికి చేసిన జడ చూసి ఎవరో అడిగితే మొదలైంది. మా ఆయనకి జిరాక్సు షాపు ఉంది, కాబట్టి ఇల్లు గడవడం పూర్తిగా దీని మీదే లేదు గానీ పిల్లల ఫీజులు మాత్రం దీని మీదే.

ఆ ఖాళీ మూడు నెలల్లో నేను చేసిన పని ఏమిటంటే, మా పనిని ఎక్కడ చూపిస్తే ఆర్డర్లు వస్తాయో తేల్చుకోవడం. అందరూ అడుగుతున్నారు, ఇన్‌స్టా పెట్టాలా, యూట్యూబ్ పెట్టాలా, ఫేస్‌బుక్ ఇంకా ఎవరైనా చూస్తున్నారా అని, అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను కంప్యూటర్ చదువుకున్నదాన్ని కాదు, డిగ్రీలో బోటనీ.

ముందు పాత కథ ఒకటి చెప్పాలి. 2019లో మా వీధి పిల్లలు టిక్‌టాక్ నేర్పించారు. మల్లెమొగ్గలు వరసగా కుడుతూ, మధ్యలో కనకాంబరం, పక్కన మరువం పెడుతూ చేతులు మాత్రమే కనిపించే వీడియోలు పెట్టేదాన్ని. పదకొండు వేల మంది ఫాలోవర్లు వచ్చారు, మాకు అదే గొప్ప. అప్పుడప్పుడూ ఆర్డరు కూడా వచ్చేది. 2020లో కరోనా వచ్చి పెళ్ళికి యాభై మందే అన్నారు, పోనీలే వీడియోలైనా పెట్టుకుందాం అనుకుంటుండగా జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లని నిషేధించింది, అందులో ఇదీ ఉంది. రెండు రోజుల్లో యాప్ తెరిస్తే ఏమీ లేదు. పదకొండు వేల మందిలో ఒక్కరి ఫోన్ నంబరు కూడా నా దగ్గర లేదు. ఎవరు ఎక్కడివాళ్ళో తెలీదు. ఎవరినీ అనడానికి లేదు, ఆర్డరు ఇచ్చిన వాళ్ళ నంబర్లైనా పుస్తకంలో రాసుకోవాలని నాకు తట్టలేదు. ఆ దెబ్బకి దాదాపు నాలుగేళ్ళు ఏ యాప్ జోలికీ పోలేదు, నోటి మాట మీదే బండి నడిపాను.

సరే, 2024 మేలో మళ్ళీ మొదలుపెట్టాను. మొదలుపెట్టడమే తప్పుగా మొదలుపెట్టాను. ఒక్కరోజులో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ ఛానల్, పిన్‌టరెస్ట్, ఇంకేదో మన దేశం షార్ట్ వీడియో యాప్, అన్నిట్లోనూ అకౌంట్లు తెరిచి ఒకే ఫోటో అన్నిట్లో పెట్టాను. వారం తిరిగేసరికి పాస్‌వర్డులు కూడా గుర్తులేవు. అన్నం వండుతూ ఒక చేత్తో కామెంట్లకి జవాబులు, ఇంకో చేత్తో గరిటె. మా అత్తయ్య చూసి చూసి, "ఇదేవిటే, పెళ్ళిళ్ళు లేకపోయినా నీకు తీరిక లేదు" అంది.

ఆ టెన్షన్‌లోనే ఇంకో పొరపాటు. సోషల్ మీడియా మొత్తం మేమే చూసుకుంటాం, మీరు హాయిగా పూలు కుట్టుకోండి అని ఒకాయన ఫోన్ చేశాడు. నెలకి ఎనిమిది వేలు. ఇచ్చాను. నెలంతా చూస్తే మా పేజీలో వచ్చినవి ఏమిటో తెలుసా, మదర్స్ డే శుభాకాంక్షలు, బుద్ధ పూర్ణిమ శుభాకాంక్షలు, హనుమజ్జయంతి శుభాకాంక్షలు, కింద మూలన మా ఫోన్ నంబరు. పూలజడ ఒక్కటి లేదు. ఫాలోవర్లు మాత్రం రెండు వేలు పెరిగారు, వాళ్ళ పేర్లు ఏ భాషలో ఉన్నాయో కూడా నాకు అర్థం కాలేదు, ఒక్కరికీ ఫోటో లేదు. రెండో నెల డబ్బులు అడిగితే వద్దులెండి అన్నాను. ఆ రెండు వేల మందిని ఒక్కొక్కరినీ తీసేయడానికి మా అమ్మాయికి వారం పట్టింది, ఎందుకు తీశానంటే మనం ఏది పెట్టినా యాప్ ముందు వాళ్ళకి కొంత చూపించి, వాళ్ళు పట్టించుకోకపోతే ఇంకొకరికి చూపించదట. నిజమో కాదో గానీ తీశాక మాత్రం మనసుకి తేలిగ్గా అనిపించింది.

తర్వాత నేనే సొంతంగా ఐదు వందలు పెట్టి ఒక ఫోటో బూస్ట్ చేశాను, అంటే డబ్బు కట్టి ఎక్కువ మందికి చూపించమనడం. ఇది పూర్తిగా నా తెలివితక్కువతనం, ప్రాంతం దగ్గర ఇండియా అని వదిలేశాను. రాత్రికల్లా వేల లైకులు. ఇంట్లో అందరికీ చూపించాను. మర్నాడు హిందీలో ఫోన్లు మొదలయ్యాయి, జడ ఎంత అని. భోపాల్‌కి మల్లెపూల జడ ఎలా పంపుతానమ్మా?

అప్పుడే మా అక్క కొడుకు సెలవులకి వచ్చాడు, కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి ఇదంతా చూపించి ఏం చెయ్యమంటావురా అంటే, యాప్‌ల సంగతి తర్వాత పిన్నీ, నీ జడ పాడవకుండా ఎంత దూరం వెళ్తుంది అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే అసలు సంగతి అక్కడే ఉంది. మల్లెజడ రాత్రి మొగ్గల మీద కుడతాం, తడిగుడ్డలో చుట్టి థర్మాకోల్ పెట్టెలో పెడతాం, తెల్లారేసరికి విచ్చుకోవడం మొదలవుతుంది. కారులో రెండు గంటల దూరం దాటితే నాకు నమ్మకం లేదు. అంటే ఇటు కాకినాడ, అటు తాడేపల్లిగూడెం, తణుకు, కిందికి రావులపాలెం, అమలాపురం, మండపేట సరే సరి. అంతే నా ప్రపంచం. హైదరాబాద్‌లో లక్ష మంది చూసినా పచ్చి పూల జడకి లాభం లేదు. కానీ అడ్డుతెర అలా కాదు, తలంబ్రాల సెట్టు అలా కాదు, గుడ్డపూలతో కుట్టిన జడ అలా కాదు, అవి మడతపెట్టి పంపితే అమెరికా అయినా వెళ్తాయి.

ఆ రాత్రి సరుకంతా కాగితం మీద రెండు కుప్పలుగా రాశాను, వాడిపోయేవి, నిలవుండేవి. వాడిపోయే వాటికి దగ్గర ఊళ్ళ వాళ్ళు చూసే చోటు కావాలి, నిలవుండే వాటికి దూరం వాళ్ళు వెతికే చోటు కావాలి. అప్పటిదాకా నేను ఏ యాప్ గొప్పది అని అడుగుతున్నాను, అడగాల్సింది అది కాదు.

రెండో సంగతి, ఇది మా వాడికి తెలీదు, నాకే తెలుసు, ఎందుకంటే పెళ్ళి ఇళ్ళలో తిరిగేది నేను. పెళ్ళిలో ఏ వస్తువు ఎవరు ఎంచుతారో అందరికీ ఒకటి కాదు. జడ పెళ్ళికూతురు ఎంచుతుంది, అందులో వేలు పెడితే తల్లినైనా ఊరుకోదు. అడ్డుతెర, కొబ్బరి బోండాలు తల్లో పిన్నో మేనత్తో ఎంచుతారు. ఎదురుకోలు పళ్ళాలు, కర్పూర దండలు అయితే వియ్యాలవారి ముందు పరువు లెక్క కాబట్టి ఇంట్లో పెద్దావిడ మాటే మాట. డబ్బులిచ్చేది తండ్రి, ఆయన ఏదీ చూడడు, ఎంతైందని మాత్రం అడుగుతాడు. పెళ్ళికూతురు ఇన్‌స్టాలో ఉంటుంది. తల్లీ పిన్నీ వాట్సాప్‌లో ఉంటారు, పొద్దున్నే గుడ్ మార్నింగ్ పెట్టి అందరి స్టేటస్‌లూ చూసేది వాళ్ళే. అమెరికాలో ఉన్న మేనత్త ఫేస్‌బుక్‌లో ఉంటుంది. తండ్రికి ఫోన్‌లో గూగుల్ మ్యాప్ వస్తే చాలు, ఇల్లు దొరకాలి కదా.

ఇక ఒక్కొక్కటీ ఎలా పట్టుకున్నానో చెప్తాను.

వాట్సాప్ దగ్గర మొదలుపెట్టాను, ఎందుకంటే అది వచ్చు. మామూలు వాట్సాప్ తీసేసి వాట్సాప్ బిజినెస్ వేసుకున్నాను, పైసా ఖర్చు లేదు. అందులో కేటలాగ్ అని ఉంటుంది, ఫోటో, పేరు, ధర పెట్టి ఉంచుకుంటే అడిగిన వాళ్ళకి లింకు పంపితే సరిపోతుంది. అంతకుముందు ప్రతి ఒక్కరికీ గ్యాలరీలో వెతికి వెతికి పాతిక ఫోటోలు పంపేదాన్ని, అందులో మా అబ్బాయి పుట్టినరోజు ఫోటో ఒకటి కలిసి వెళ్ళిపోయేది. లేబుళ్ళు కూడా పెట్టుకోవచ్చు, అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు, ఇంకా బేరం ఆడుతున్నవాళ్ళు, ముహూర్తం కుదరనివాళ్ళు అని. బ్రాడ్‌కాస్ట్‌తో, అంటే ఒకే మెసేజ్ ఒకేసారి చాలామందికి పంపడంతో, మాత్రం మొదట మోసపోయాను, అంటే నేనే తెలుసుకోలేదు, ఒక లిస్టులో 256 మందిని పెట్టొచ్చు గానీ మన నంబరు వాళ్ళ ఫోన్‌లో సేవ్ చేసుకున్న వాళ్ళకే వెళ్తుంది. స్టేటస్ కూడా అంతే. అందుకని జడ ఇచ్చేటప్పుడే చెప్తాను, "అమ్మా, నా నంబరు పూలజడ అని సేవ్ చేసుకోండి" అని. నా పేరుతో చేసుకోమంటే రెండు నెలలకి ఎవరో మర్చిపోతారు, పూలజడ అని ఉంటే వాళ్ళింట్లో ఇంకో పెళ్ళికి వెతికితే దొరుకుతుంది.

ఇన్‌స్టాగ్రామ్ దగ్గర నాకు ఎక్కువ టైమ్ పట్టింది. బిజినెస్ అకౌంట్‌గా మార్చగానే సినిమా పాటలన్నీ మాయం, ఎవరికీ హక్కుల గొడవ లేని సంగీతమే వస్తుంది, అది వింటే లిఫ్టులో నిలబడ్డట్టు ఉంటుంది. వ్యాపారానికి వాడుకోవడానికి ఆ పాటలకి హక్కు లేదన్నది న్యాయమే, కానీ పక్కవాళ్ళందరూ పాటలతో పెడుతుంటే మనది మూగగా ఉంటే ఎవరు చూస్తారు అని బాధ. కల్యాణ మండపంలో తీసిన వీడియో పెడితే వెనక స్పీకర్లో పాట ఉందని శబ్దం పోయింది. ఏం చెయ్యాలో తెలీక ఒకరోజు మా అత్తయ్య జడ కుడుతూ తనలో తాను పాడుకుంటున్న శోభనం పాట, వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదట, ఆవిడకి చెప్పకుండా రికార్డు చేసి పెట్టాను. నలభై వేల మంది చూశారు. అత్తయ్యకి చెప్తే ముందు తిట్టింది, తర్వాత ఎంతమంది అయ్యారు అని గంటకోసారి అడిగింది. కానీ ఆ నలభై వేల మందిలో ఎక్కువ మంది హైదరాబాద్, బెంగళూరు వాళ్ళు, చూసినవాళ్ళు ఏ ఊరివాళ్ళో ఇన్‌సైట్స్‌లో తెలుస్తుంది. అమ్మమ్మ పాట బాగుంది, మా నాయనమ్మ గుర్తొచ్చింది అని కామెంట్లు. జడ గురించి ఒక్కరూ అడగలేదు. దాని మీద ఒక్క ఆర్డరు రాలేదు. అదే వారం అమలాపురం పెళ్ళి జడ ఫోటో ఒకటి, వెలుతురు కూడా సరిగా లేనిది, ఊరి పేరు రాసి పెడితే నాలుగు వందల మంది చూశారు, అందులోంచి రెండు ఫోన్లు.

అప్పటినుంచి ప్రతి పోస్టులోనూ ఊరి పేరు మొదటి లైన్లోనే రాస్తాను. మండపేట పెళ్ళి, కనకాంబరం మల్లె జడ, ఐదు అడుగుల అమ్మాయికి, ధర ఇంత. ధర రాయడం మీద మా లైన్లో ఉన్నవాళ్ళకి నా మీద కోపం. అందరూ ధరకి మెసేజ్ చెయ్యండి అని పెడతారు, అలా చేస్తే మెసేజ్‌లు పెరుగుతాయి, ఎక్కువ మందికి చూపిస్తుంది అంటారు. కావచ్చు. కానీ మా ఇంట్లో జవాబు చెప్పడానికి మనిషి లేదు, ఉన్నది నేనే, ఆ చేతులే కుట్టాలి. ధర రాశాక అడిగేవాళ్ళు సగం తగ్గారు, అడిగినవాళ్ళు మాత్రం నిజంగా కొనేవాళ్ళు. మల్లెపూల రేటు రోజుకొకటి కాబట్టి "పూల రేటుని బట్టి రెండు మూడు వందలు అటూ ఇటూ" అని కింద రాస్తాను.

బూస్ట్ ఇప్పుడు కూడా చేస్తాను గానీ రాజమండ్రి మీద పిన్ను పెట్టి చుట్టూ యాభై కిలోమీటర్లు, ఆడవాళ్ళు, ఇరవై నుంచి ముప్పై ఏళ్ళ లోపు, అదీ ముహూర్తాలు మొదలవడానికి నెలన్నర ముందు మాత్రమే. మూఢంలో, ఆషాఢంలో ఒక్క రూపాయి పెట్టను. ఆషాఢంలో అయితే ఎవరూ పెళ్ళి సామాను కొనరు గానీ ఖాళీగా ఫోటోలు దాచుకుంటారు, అందుకని బూస్ట్ లేకుండా పాతవే తిప్పి తిప్పి పెడతాను. మన పంచాంగం ఆ యాప్ కంప్యూటర్‌కి తెలీదు, ఆ పని మనదే.

యూట్యూబ్ మీద నాకు పెద్ద ఆశ ఉండేది. పూలజడ ఎలా కుట్టాలి అని పదిహేను నిమిషాల వీడియో చేశాను, అట్ట కత్తిరించడం దగ్గర్నుంచి చామంతి బిళ్ళ, జడగంటలు అమర్చడం దాకా. మా ఆయన అన్నాడు, "అన్నీ చెప్పేస్తే ఇంక నీ దగ్గరికి ఎందుకొస్తారు?" అని. వచ్చినవాళ్ళు నిజంగానే కొనేవాళ్ళు కాదు, నేర్చుకునేవాళ్ళు. కడపలో ఒకావిడ ఆ వీడియో చూసి జడ కుట్టి ఫోటో పంపింది, నాకు సంతోషమే గానీ అది ఆర్డరు కాదు కదా. ఒక్క వీడియో తియ్యడానికి రెండు రోజులు పోయింది. మూడు తీసి ఆపేశాను. ఉన్నవి మాత్రం తీసెయ్యలేదు, వాటిని ఇంకా చూస్తూనే ఉన్నారు, ఇన్‌స్టాలో పోయిన నెల పెట్టింది ఎవరూ చూడరు, ఇక్కడ ఏడాది కిందటిది కూడా ఎవరో ఒకరు వెతుక్కుని వస్తారు, ఆ తేడా నిజం. రేపు క్లాసులు చెప్పాలనుకుంటే అప్పుడు యూట్యూబ్.

గూగుల్ సంగతి మా అక్క కొడుకే చేసిపెట్టాడు. బిజినెస్ ప్రొఫైల్ ఉచితమే. ఇంటి నుంచి చేస్తున్నాం కాబట్టి అడ్రసు అందరికీ కనిపించకుండా, ఏ ఊళ్ళకి ఇస్తామో ఆ ఊళ్ళ పేర్లు మాత్రం పెట్టొచ్చు. మనది నిజమైన వ్యాపారమే అని చూపించడానికి వీడియో తీసి పంపమంటే వరండా, పూల బుట్టలు, దారాలు, జడగంటల డబ్బా, చివర్లో పూలు కుడుతున్న అత్తయ్య, అంతా తీశాం. జడ తీసుకున్నవాళ్ళని రివ్యూ రాయమని అడగడం మొదట్లో సిగ్గేసింది. ఇప్పుడు పెళ్ళయిన వారానికి ఒక్కసారి అడుగుతాను, రెండోసారి అడగను. ఇందులో వచ్చే ఫోన్లు తక్కువ, కానీ వాళ్ళు రేపో ఎల్లుండో పెళ్ళి పెట్టుకుని, చెప్పిన మనిషి ఎగ్గొట్టి, కంగారుగా వెతికేవాళ్ళు. బేరం ఆడరు.

పిన్‌టరెస్ట్ వదిలేశాను. పెళ్ళికూతుళ్ళు అక్కణ్ణుంచి ఫోటోలు తెచ్చి ఇలాంటిది కావాలంటారు, అందుకని నెలకోసారి చూస్తాను, పెట్టడం మాత్రం దండగ. ఆ షార్ట్ వీడియో యాప్ గురించి చెప్పడానికేమీ లేదు.

ఫేస్‌బుక్ కూడా వదిలేద్దామనుకున్నాను. అమెరికా తెలుగువాళ్ళ గ్రూపుల్లో మా ఆడపడుచు ఉంది, ఒకరోజు నా అడ్డుతెర ఫోటో తను పెట్టింది. టెక్సాస్‌లో ఉండే ఒకావిడ, కూతురి పెళ్ళి అక్కడే చేస్తున్నారట, మెసేజ్ పెట్టింది. అడ్డుతెర మీద సీతారాముల కల్యాణం, పక్కన ఇద్దరి పేర్లు, తలంబ్రాల పళ్ళేలు, గుడ్డపూల జడ, రోలూ రోకలీ చిన్నవి, మొత్తం ముప్పై ఎనిమిది వేలు. మేము ఒక్క ఇంటికి అంత ఎప్పుడూ అమ్మలేదు. కొబ్బరి బోండాలు కూడా అడిగింది, కొరియర్ వాళ్ళు కాయలు తీసుకోం అన్నారు, మా ఆయన థర్మాకోల్ ఉండలు తెచ్చి చెక్కి ఇచ్చాడు, వాటి మీద ముత్యాలు, జరీ అంటించి పంపాం. దూరం వెళ్ళే కుప్పకి చోటు దొరికింది. ఇప్పుడు ఫేస్‌బుక్‌లో పచ్చి పూలు అసలు పెట్టను, అడ్డుతెరలే.

ఇప్పుడు నోటుబుక్కు సంగతి. శ్రావణం నుంచి కార్తీకం దాకా ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ "మా నంబరు ఎక్కడ దొరికిందండీ?" అని అడిగి రాశాను. మొత్తం 61 మంది అడిగారు, 23 ఆర్డర్లు. అడిగినవాళ్ళలో ఇన్‌స్టా నుంచి 27 మంది, వాట్సాప్ 14, గూగుల్ 8, పెళ్ళిలో చూసి అడిగినవాళ్ళు 7, ఫేస్‌బుక్ 4, యూట్యూబ్ ఒకటి. ఆర్డర్లలో మాత్రం వాట్సాప్ 9, పెళ్ళిలో చూసినవాళ్ళు 6, ఇన్‌స్టా 4, గూగుల్ 3, ఫేస్‌బుక్ ఒకటి. ఇది చూసి ఇన్‌స్టా దండగ, తీసేద్దాం అనేశాను.

తీసే ముందు ఎందుకో అనుమానం వచ్చి ఆ వాట్సాప్ తొమ్మిది మందికీ మళ్ళీ ఫోన్ చేసి కాస్త లోతుగా అడిగాను. తణుకులో ఒకావిడ చెప్పింది, "మా చెల్లెలు పంపిందమ్మా." చెల్లెలికి ఎవరు పంపారు? "మా పాప." పాపకి? ఇన్‌స్టాలో చూసి దాచుకుందట, నాలుగు నెలల కిందట, అప్పటికి సంబంధం కూడా ఖాయం కాలేదు. అలా అడిగితే తొమ్మిదిలో ఐదు మొదట ఇన్‌స్టాలోనే పుట్టాయి. పిల్ల స్క్రీన్‌షాట్ తీసి తల్లికి పెడుతుంది, తల్లి ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంది, గ్రూపులో ఒక పిన్నికి నేను తెలుసు, ఆవిడ నంబరు ఇస్తుంది, చివరికి ఫోన్ చేసేది మేనత్త. ఆ మేనత్తని ఎక్కడ చూశారండీ అంటే వాట్సాప్‌లో అంటుంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, నేను అడగడం చేతకాలేదు. ఇన్‌స్టా అకౌంట్ ఉంచేశాను. కాకపోతే ప్రతి ఫోటో మీదే ఫోన్ నంబరు, ఊరు రాయడం మొదలుపెట్టాను, స్క్రీన్‌షాట్ తీస్తే కింద రాసిన కబుర్లన్నీ పోతాయి, ఫోటో ఒక్కటే వెళ్తుంది కాబట్టి.

ఒక గొడవ గురించి కూడా చెప్పాలి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. ఆ శ్రావణంలోనే ఒక పెళ్ళికి అడ్డుతెరా జడా ముందురోజు సాయంత్రం ఇచ్చి, ఇంటికొచ్చి ఉత్సాహంగా రాత్రి పదింటికే పెట్టేశాను, అడ్డుతెర మీద ఇద్దరి పేర్లూ కనిపిస్తున్నాయి, జడ పెట్టి చూసుకున్న పెళ్ళికూతురి వెనకవైపు ఫోటో కూడా. తెల్లవారుజామున ఐదింటికి పెళ్ళికూతురి తల్లి ఫోన్. పెళ్ళి అవ్వకుండా పిల్ల ఫోటో ఊరంతా చూడాలా, దిష్టి తగలదా, మా బంధువుల్లో పిలవనివాళ్ళు ఉన్నారు, వాళ్ళందరికీ ఇప్పుడు తెలిసిపోయింది అని ఏడుపు గొంతుతో అంది. ఆ ఆఖరి మాటకి నా దగ్గర జవాబు లేదు. వెంటనే తీసేశాను. జడ డబ్బులు తీసుకోలేదు, ఇస్తానన్నా తీసుకోలేదు. అప్పటినుంచి పదహారు రోజుల పండగ అయ్యేదాకా ఏదీ పెట్టను, పెట్టే ముందు తల్లినీ పిల్లనీ ఇద్దరినీ అడుగుతాను, పేర్లు ఉన్నచోట పూలు అడ్డం పెట్టి ఫోటో తీస్తాను. దీనివల్ల మా పేజీ ఎప్పుడూ మూడు వారాలు వెనకే ఉంటుంది. ఉండనీ.

ఇప్పుడు రోజుకి నలభై నిమిషాలే దీనికి. పొద్దున ఏడింటికి స్టేటస్, అప్పటికి పిన్నులందరూ కాఫీ దగ్గర ఉంటారు. రాత్రి పది తర్వాత ఇన్‌స్టాలో ఒక ఫోటోనో రీలో, అది కూడా వారానికి మూడే. ఆదివారం పొద్దున ఫేస్‌బుక్, అప్పుడు అమెరికాలో వాళ్ళకి శనివారం రాత్రి.

మొన్న తణుకు నుంచి ఒకావిడ వాట్సాప్‌లో ఫోటో పెట్టింది. "ఇది ఎవరో చేశారండి, మీరు ఇలాంటిది చేయగలరా?" చూస్తే పోయిన మాఘమాసంలో మేం కుట్టిన జడే. ఎన్ని చేతులు మారిందో, కింద నా నంబరు ఉన్న భాగం కత్తిరించేసి, పైన ఇంకెవరిదో పేరు వేసి ఉంది. పట్టుకున్న చెయ్యి మా అత్తయ్యది, ఆ గాజులు నాకు తెలీవా. చేస్తామండి, నాలుగు వేల రెండు వందలు అని చెప్పాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత మెసేజ్ వచ్చింది.

"వాళ్ళు మూడు వేలకే చేశారట కదండీ."